కాళ్లతో నమిలిన జీవులు

(శ్రీకాకుళంలో జాతీయ విజ్ఞాన దినోత్సవం సందర్భంగా డిగ్రీ విద్యార్థులు, హైస్కూలు ఉపాధ్యాయులు, కొందరు ఆక్వా రైతుల ముందు ఒక జంతుశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మధ్యలో సభికులు అడిగిన ప్రశ్నలను అలాగే ఉంచాం.)

సభకు నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండమ్మా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇది పరీక్షకు వచ్చే పాఠం కాదు, టెన్షన్ పడకండి.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇవాళ నేను మాట్లాడబోయేది ట్రైలోబైట్లు, వాటి చుట్టాలు, అంటే ఎప్పుడో అంతరించిపోయిన గుల్ల ఒంటి సముద్ర జీవుల గురించి. వాటిలో ఒక్కటి కూడా మన జిల్లా రాళ్లలో దొరకదు. టెక్కలి క్వారీల్లో ఎంత లోతు తవ్వినా దొరకదు, మహేంద్రగిరి కొస దాకా ఎక్కినా దొరకదు. మన తూర్పు కనుమల్లో ఖోండలైట్, చార్నకైట్ అనే రాళ్లు ఎక్కువ. అందులో ఖోండలైట్ ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న మట్టే. ఆ మట్టి భూమి లోపలికి దిగిపోయి, అక్కడి వేడికీ ఒత్తిడికీ రూపం మార్చుకుని గట్టిపడి సుమారు వంద కోట్ల ఏళ్లయింది. అప్పటికి మన కథానాయకులు పుట్టనేలేదు. మన దేశంలో వాటిని చూడాలంటే హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకో, కాశ్మీర్‌కో పోవాలి. రాజస్థాన్‌లో నాగౌర్ ఇసుకరాళ్ల మీద అయితే వాటి ఒళ్లు కాకుండా అవి పాకిన గుర్తులు మాత్రం కనిపిస్తాయి.

మరి ఇక్కడెందుకు ఈ ప్రసంగం అని మీకు అనిపించవచ్చు. ఆ జీవులు మన దగ్గర లేకపోయినా వాటి చుట్టాలు మన దగ్గర బోలెడన్ని ఉన్నాయి. కళింగపట్నం రేవులో బుట్టలకెత్తే పీతలు, సంతబొమ్మాళి, రణస్థలం వైపు చెరువుల్లో పెంచే వనామి రొయ్యలు, ఇవన్నీ ఆర్థ్రోపొడా అనే ఒకే పెద్ద వంశం. కీళ్లున్న కాళ్లు, ఒంటి మీద గట్టి గుల్ల, పెరగాలంటే ఆ గుల్ల విడిచి కొత్తది తొడుక్కోవడం, ఇవి ఆ వంశ లక్షణాలు. సాలీళ్లు, తేళ్లు, బొద్దింకలు, సీతాకోకచిలుకలు కూడా ఇందులోవే. ఈ వంశంలో సముద్రంలో బతికి పూర్తిగా అంతరించిపోయిన కొన్ని శాఖలు ఏం తిన్నాయి, ఎలా తిన్నాయి అన్నది ఇవాళ్టి విషయం.

అందరికంటే ముందు ట్రైలోబైట్. దాదాపు 52 కోట్ల ఏళ్ల కిందటి రాళ్లలో మొదటిసారి కనబడుతుంది. 25 కోట్ల ఏళ్ల కిందట, పెర్మియన్ యుగం చివర సముద్ర జీవుల్లో అత్యధిక భాగం తుడిచిపెట్టుకుపోయినప్పుడు ఇదీ పోయింది. అంటే 27 కోట్ల ఏళ్లు బతికిన వంశం. మనిషి వయసుతో దీన్ని పోల్చబోకండి, సిగ్గుపడాల్సి వస్తుంది. ఇప్పటిదాకా శాస్త్రవేత్తలు పేర్లు పెట్టిన జాతులే 20 వేలకు పైన. కొన్ని బియ్యపు గింజంత ఉండేవి. కెనడాలోని మానిటోబాలో దొరికిన ఐసోటీలస్ రెక్స్ అనేది 72 సెంటీమీటర్ల పొడవు, ఇప్పటికి పూర్తి ఒంటితో దొరికినవాటిలో అదే పెద్దది. ఇన్ని వేల జాతులు ఒకే రకం తిండి తిని ఉంటాయని ఎవరైనా అంటే నమ్మకండి.

చిక్కేమిటంటే, మ్యూజియంలో మీరు చూసే ట్రైలోబైట్ శిలాజం చాలాసార్లు అసలు జీవి కాదు, అది విడిచిన గుల్ల. ఒక్కో జీవి బతికినన్నాళ్లలో ఎన్నోసార్లు గుల్ల విడుస్తుంది కదా, అవన్నీ శిలాజాలయ్యే అవకాశం ఉంది. దాని వీపు గుల్ల సున్నపు ఖనిజం కలిసి గట్టిగా ఉంటుంది కాబట్టి మిగులుతుంది. కాళ్లు, మీసాలు, పేగు మెత్తనివి, కుళ్లిపోతాయి. ఏం తిన్నదో చెప్పాల్సినవన్నీ పోయి, ఏమీ చెప్పని వీపు మిగిలింది! అందుకే వంద ఏళ్లకు పైగా ట్రైలోబైట్ల భోజనం గురించి రాసిన దాంట్లో ఊహే ఎక్కువ.

కాళ్లు మిగిలిన చోట్లు కొన్ని ఉన్నాయి. కెనడాలో బ్రిటిష్ కొలంబియా కొండల్లో 1909లో చార్లెస్ వాల్కాట్ కనిపెట్టిన బర్జెస్ షేల్ అందులో పేరున్నది, 50 కోట్ల 80 లక్షల ఏళ్ల నాటిది. న్యూయార్క్ రాష్ట్రంలో ఇంకో చోటు ఉంది, అక్కడ ట్రయార్థ్రస్ అనే ట్రైలోబైట్ మెత్తటి భాగాల స్థానంలో పైరైట్, అంటే బంగారు రంగులో మెరిసే ఇనుము గంధకాల ఖనిజం చేరి కాళ్లూ మీసాలూ నిలిచిపోయాయి. ఇవి చూశాక తేలినదేమిటంటే, ట్రైలోబైట్‌కు దవడలు లేవు.

మన రొయ్యకు దవడలున్నాయి. ఇదిగో, ఈ పళ్లెంలో ఉన్న వనామి తలకాయ కింద చూడండి, ముందు వరస పిల్లలు దగ్గరికి రావచ్చు. ఈ రెండు జతల మీసాల వెనక, నోటికి అటూ ఇటూ గట్టిగా చిన్న పలుకుల్లా తగులుతున్నాయే, అవే దవడలు. వాటి వెనక చిన్న చిన్న నోటి కాళ్లు, తిండిని పట్టి నోటికి అందించేవి. ఆ తర్వాత నడిచే కాళ్లు ఐదు జతలు, అందులో మొదటి మూడు జతల కొసన బుల్లి కత్తెరలు కూడా ఉన్నాయి. వేలితో మీటి చూడండి, తెరుచుకుంటాయి. దవడ అని మనం అంటున్నదీ పుట్టుకతో కాలే. ఎన్నో తరాల మీద ఒక జత కాళ్లు కురచబడి, గట్టిపడి, నమిలే పనికే అంకితమైపోయాయి. పని పంచుకోవడం రొయ్యలో అంత ముదిరింది.

ట్రైలోబైట్‌లో ఆ పంపకం జరగలేదు. మీసాల జత దాటితే వెనక చివరిదాకా కాళ్లన్నీ ఒకే మూస. పరిమాణం తగ్గుతూ పోతుంది, రూపం మారదు. ప్రతి కాలికీ రెండు కొమ్మలు. కింది కొమ్మ నడవడానికి, పై కొమ్మ శ్వాసకు. పై కొమ్మ నిజంగా మొప్పేనని 2021లో పైరైట్ శిలాజాలను స్కాన్ చేసి చూపించారు. ఇక కాలు ఒంటికి అతుక్కునే చోట, లోపలి వైపు, ముళ్లున్న ఒక పలక ఉంటుంది. ఎడమ కాలి పలక, కుడి కాలి పలక ఎదురెదురుగా, మధ్యలో పొట్ట పొడుగునా ఒక సన్నని దారి. దొరికిన పురుగును ఆ రెండు వరసల ముళ్ల మధ్య నలుపుతూ, చీల్చుతూ ముందుకు తోస్తే అది నోటి దాకా పోతుంది. నోరు వెనక్కి తిరిగి ఉంటుంది, కాబట్టి తిండి వెనక నుంచే రావాలి.

(సభలో ఒకరు: ఏటి సార్, కాళ్లతో నముల్తాదా?)

కాళ్లతోనే నముల్తాది బాబూ. తొడలతో అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. (నవ్వులు) నవ్వకండి, అలా తినేది ఒకటి ఈ రోజుకీ మన బంగాళాఖాతంలో ఉంది. ఒడిశాలో బాలాసోర్ తీరంలో హార్స్‌షూ క్రాబ్ అనేది ఇసుక మీదికి వచ్చి గుడ్లు పెడుతుంది. పేరుకు క్రాబ్ గాని పీత కాదు, తేళ్లూ సాలీళ్ల వైపు చుట్టం. వెల్లకిలా తిప్పి చూస్తే కాళ్ల మధ్యన నోరు, ఆ కాళ్ల మొదళ్లన్నీ ముళ్లే. కాళ్లు కదిలితే ఆ ముళ్లూ ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. మెత్తటి పురుగులనే కాదు, చిన్న గవ్వచేపల పెంకులనూ వాటితోనే పగలగొట్టి తింటుంది. వలలో ఎప్పుడైనా పడితే వదిలేయండి, దానికి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది.

ఈ బతికున్న జీవి వల్ల మనకు ఒక కొలబద్ద దొరికింది. పెంకు పగలగొట్టే కాలి మొదలు ఎంత లావుగా, ముళ్లు ఎంత పొట్టిగా మొద్దుగా ఉండాలో దీన్ని చూసి లెక్కకట్టారు. ఆ లెక్కను శిలాజాలకు పెట్టి చూశారు. బర్జెస్ షేల్‌లో సిడ్నీయా అనే ట్రైలోబైట్ల దూరపు చుట్టం ఉంది. దాని కాళ్ల మొదళ్లు పెంకు పగలగొట్టేంత గట్టివని కంప్యూటర్ నమూనాల్లో తేలింది. దాని పేగులో చిన్న ట్రైలోబైట్ల ముక్కలు, శంకువు ఆకారపు గుల్లల ముక్కలు అంతకుముందే కనబడ్డాయి. కాలు చెప్పినదీ పేగు చెప్పినదీ ఒకటే అయింది. ఇలా రెండు సాక్ష్యాలు కలవడం ఈ శాస్త్రంలో పండగే.

అదే బర్జెస్ షేల్‌లోని ఒలెనాయిడిస్ అనే ట్రైలోబైట్ కాళ్ల మొదళ్లలో ముళ్లు బాగానే ఉన్నాయి, ఆ ముళ్లను చూస్తే మెత్తటి పురుగులను చీల్చడానికి బాగా పనికొస్తాయి. ఆస్ట్రేలియాలో కంగారూ దీవిలో దొరికిన రెడ్లీకియా రెక్స్ అంతకంటే బలిసిన మనిషి. అడుగుకు దగ్గరగా ఉంటుంది, కాళ్ల మొదళ్లు దిట్టం. అదే రాళ్లలో పెద్ద పెద్ద పేడకడ్డీలు కూడా రాయిగా మారి దొరికాయి, వాటి నిండా ట్రైలోబైట్ గుల్లల ముక్కలు. ఆ పేడ దీనిదేనని ఎవరూ సంతకం పెట్టలేరు గాని, అనుమానితుల జాబితాలో ముందున్నది ఇదే. అంటే తన జాతివాళ్లనే తినేదా? తినే ఉండొచ్చు. చెరువులో గుల్ల విడిచి మెత్తగా ఉన్న రొయ్యను మిగతా రొయ్యలు ఏం చేస్తాయో రైతులకు నేను చెప్పాలా!

ఇక పేగు సంగతికి వద్దాం. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువసేపు పడుతుంది, ఓపిక పట్టండి. రొయ్యల రైతు చెక్ ట్రే, అంటే మేత సరిచూసుకునే పళ్లెం, పైకి లాగగానే మొదట ఏం చూస్తాడు? రొయ్య వీపు మీద నల్లటి గీత నిండుగా ఉందా, తెగి తెగి ఉందా, ఖాళీగా ఉందా అని. ఆ గీత పేగు. దాన్ని బట్టే మేత సరిపోయిందో లేదో, జబ్బేమన్నా వచ్చిందో అంచనా వేస్తాడు. సరిగ్గా ఆ పనే 2023లో చెక్ రిపబ్లిక్‌లో ఒక శాస్త్రవేత్తల బృందం 46 కోట్ల 50 లక్షల ఏళ్ల నాటి ట్రైలోబైట్ మీద చేసింది.

ఆ ట్రైలోబైట్ పేరు బొహెమోలికాస్ ఇంకోలా. 1908లోనే దొరికింది. రొకిత్సనీ అనే ఊరి దగ్గర పొలాల్లో గుండ్రటి గట్టి రాతి ఉండలు దొరుకుతాయి, వాటిలో ఒకదాన్ని పగలగొడితే బయటపడింది. వంద ఏళ్లకు పైగా అందరూ దాన్ని పైనుంచి చూస్తూ వచ్చారు. గుల్ల పగుళ్లలోంచి లోపల చిన్న చిన్న ముక్కలేవో ఉన్నట్టు కనబడుతుంటే, పగలగొట్టి చూద్దామంటే అది ఒక్కటే నమూనా. చివరికి ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌కు తీసుకెళ్లి సింక్రోట్రాన్ ఎక్స్‌రేల కింద పెట్టారు. మామూలు ఆస్పత్రి ఎక్స్‌రే కంటే ఎన్నో రెట్లు తీక్షణమైన కిరణాలు అవి. రాయిని ముట్టుకోకుండా లోపలి ముక్కలను ఒక్కొక్కటీ విడదీసి గుర్తుపట్టారు.

పేగు కిక్కిరిసి ఉంది. ముక్కల్లో ఎక్కువ భాగం ఆస్ట్రకోడ్లవి, అంటే రెండు చిప్పల మధ్య బతికే బుల్లి ఆర్థ్రోపోడ్లవి. వాటితోపాటు ఆల్చిప్పల జాతి గుల్లలు, శంకువు గుల్లలు, నక్షత్రచేపలకు దూరపు చుట్టాలైన ఒక రకం జీవుల పలకలు. ఏ ఒక్క రకాన్నీ ఏరుకోలేదు. పలచని గుల్లలున్నవి, బతికున్నవీ చచ్చినవీ, దారిలో తగిలినదల్లా మింగింది. కాబట్టి ఇది వేటగాడి భోజనం కాదు, సముద్రం అడుగున తిరుగుతూ దొరికినది తినే జీవి భోజనం.

ఇంతవరకు ఎవరైనా ఊహించగలిగేదే. అసలు చమత్కారం ఆ ముక్కల అంచుల్లో ఉంది. సున్నపు గుల్ల మీద పులుపు పడితే ఏమవుతుందో మీకు తెలుసు, కరుగుతుంది. ఆ పేగులో ఉన్న గుల్లముక్కల అంచులు కరగలేదు, పదునుగా అలాగే ఉన్నాయి. అంటే ఆ ట్రైలోబైట్ పొట్టలో ఆమ్లం లేదు. మన పొట్టలా పుల్లగా కాకుండా, లోపలి రసం తటస్థంగానో కాస్త క్షార గుణంతోనో ఉండేది. ఇప్పటి పీతల్లో, హార్స్‌షూ క్రాబుల్లో కూడా అంతే. జీర్ణరసం గుణం అంత పాతకాలం నుంచీ ఈ వంశంలో ఉండి ఉండవచ్చన్నమాట. 46 కోట్ల ఏళ్ల కిందటి ఒక జీవి కడుపులో పులుపు ఉందో లేదో ఇవాళ చెప్పగలుగుతున్నాం! నాకు ఇది చంద్రుడి మీద దిగినంత గొప్పగా కనబడుతుంది, మీరు ఏమన్నా అనుకోండి.

ఇంకా ఉంది. ఈ ట్రైలోబైట్ చచ్చాక దాన్ని తినడానికి వేరే చిన్న జీవులు వచ్చాయి. గుల్ల కింద అవి తొలిచిన దారులు కనబడుతున్నాయి. తల కిందా, పక్కలా తొలిచాయి గాని పేగు జోలికి మాత్రం పోలేదు. లోపలి జీర్ణరసాలు చచ్చాక కూడా పని చేస్తుండటం వల్ల వాటికి అది పడలేదేమోనని ఆ బృందం అభిప్రాయం. ఇక పేగు అంత ఉబ్బిపోయేలా ఎందుకు తిన్నది? గుల్ల విడిచే ముందు ఒంటిని లోపలి నుంచి ఉబ్బించి పాత గుల్ల పగలగొట్టుకోవడానికి అయి ఉండవచ్చని ఒక మాట. ఇప్పటి పీతలు, రొయ్యలు గుల్ల విడిచే వేళకు నీళ్లు పీల్చుకుని ఒళ్లు ఉబ్బించుకుంటాయి. అది ఊహేనని వాళ్లే చెప్పారు. ఊహను ఊహ అని చెప్పే శాస్త్రవేత్తనే నేను నమ్ముతాను.

ఒక్క పేగును పట్టుకుని 20 వేల జాతులకూ తీర్పు చెప్పకూడదు. మిగతావాటి విషయంలో నోటి ముందు ఉండే ఒక పలకను చూస్తారు. తల కింద, నోటిని కప్పుతూ ఒక గట్టి పలక ఉంటుంది, హైపోస్టోమ్ అంటారు. బ్రిటిష్ శాస్త్రవేత్తలు రిచర్డ్ ఫోర్టీ, రాబర్ట్ ఓవెన్స్ 1999లో దీన్ని పట్టుకుని ఒక వాదన చేశారు. ఆ పలక తల అంచుకు గట్టిగా అతుక్కుని ఉంటే పెద్ద తిండిని దానికి ఆనించి చీల్చవచ్చు, కాబట్టి అవి వేటాడేవో, చచ్చినవాటిని తినేవో అయి ఉంటాయి. అతుక్కోకుండా మెత్తటి చర్మంలో వేలాడుతుంటే బురదలోని సన్నని నలుసులు తినేవి. వాదన చక్కగానే ఉంది, ఇప్పటికీ చాలామంది ఒప్పుకుంటారు. 2024లో మొరాకో నుంచి ఇంకో సాయం వచ్చింది. అక్కడ అగ్నిపర్వతం బూడిద ఒక్కసారిగా కప్పేసిన ట్రైలోబైట్లు దొరికాయి. నలిగి చదును కాకుండా నిండైన ఆకారంతో ఉన్నాయి. నోరు సన్నని చీలికలా ఉందని, ఆ నోటి ముందు మెత్తని పెదవి లాంటి భాగం ఉందని వాటిలోనే తేటగా కనబడింది.

వేట జరిగిందనడానికి ముద్దాయి పట్టుబడిన సంఘటన కూడా ఒకటి ఉంది. స్వీడన్‌లో, ట్రైలోబైట్లు తొలిసారి కనబడిన కేంబ్రియన్ యుగపు ఇసుకరాళ్ల మీద ట్రైలోబైట్ ఆగి తవ్విన గుంట ఒక్కోసారి పురుగు కన్నం మీదే సరిగ్గా పడి ఉంటుంది. ఏదో ఒకటి రెండు చోట్ల అయితే కాకతాళీయం అనుకోవచ్చు. మళ్లీ మళ్లీ అలాగే, అదీ కన్నం ఒక పక్క కాళ్ల కిందికే వచ్చేట్టు ఉంటే, పురుగును పసిగట్టి తవ్వి లాగిందనే అనుకోవాలి. రాజస్థాన్ నాగౌర్‌లో మనకున్నవీ ఈ రకం గుర్తులే. భూగర్భశాస్త్రం చదివే పిల్లలు ఎవరైనా ఆ రాళ్ల మీద పురుగు కన్నాలు కూడా వెతుకుతారా అని నా ఆశ.

కళ్ల గురించి చెప్పకుండా వదిలితే మీరు నన్ను క్షమించరు. ట్రైలోబైట్ కంటి కటకాలు కాల్సైట్‌తో, అంటే సున్నపురాయి ఖనిజంతో తయారైనవి. కొన్నిటికి అసలు కళ్లే లేవు, వెలుతురు పోని లోతుల్లో బతికాయని అనుకుంటాం. కారొలినైటిస్ అనే దానికి పెద్ద కళ్లు, పైకీ కిందికీ చుట్టూతా కనబడేట్టు, దాని శిలాజాలు ప్రపంచమంతా దొరుకుతాయి. కాబట్టి అది అడుగున పాకకుండా నీళ్లలో ఈదుతూ బతికింది. మొరాకోలో దొరికిన ఎర్బెనోకైలీకి కళ్లు నిలువుగా గోపురాల్లా లేచి, పైన నీడ పట్టే అంచు ఉంది. నీడ పట్టిందంటే పైనుంచి ఎండ పడుతోందనే కదా, అంటే వెలుతురున్న చోట పగటిపూట తిరిగేది. ఇంకొక రకం, ఆంపిక్స్, పొడవాటి ముళ్లు ఒకదానికొకటి తగిలించుకుని వరసగా పోతూ పోతూ అలాగే పూడుకుపోయింది. 48 కోట్ల ఏళ్ల నాటి ఆ వరసల గురించి 2019లో రాశారు. దానికి కళ్లు లేవు. తడుముకుంటూ గుంపుగా వలస పోయాయి కాబోలు.

ఇప్పుడు అనోమలోకారిస్ అనే ఇంకో అంతరించిన సముద్ర జీవి. పిల్లలు యూట్యూబులో చూసే ఉంటారు, ట్రైలోబైట్లను కరకరా నమిలే భూతంగా చూపిస్తారు. దీని చరిత్రే ఒక ప్రహసనం. ముందు 1892లో దీని తల ముందుండే, తిండి పట్టే కొమ్ము దొరికితే తల లేని రొయ్య ఒళ్లనుకున్నారు. నోరు విడిగా దొరికితే జెల్లీచేప అన్నారు. ఇవన్నీ కలిసి ఒకే జీవి అని విటింగ్టన్, బ్రిగ్స్ 1985లో తేల్చారు. ముందు రెండు పొడుగాటి ముళ్ల కొమ్ములు, గుండ్రటి నోరు, పక్కల ఈత రెక్కలు, కాడల మీద కళ్లు. ఆస్ట్రేలియా నమూనాలో ఒక్కో కంటికి 16 వేలకు తక్కువ కాకుండా కటకాలు లెక్కపెట్టారు. మన ఆర్థ్రోపోడ్ల వంశవృక్షంలో చాలా కింద విడిపోయిన కొమ్మ ఇది.

కరిచిన గాట్లున్న ట్రైలోబైట్లు దొరికితే చాలాకాలం నేరం దీని మీదే వేశారు. రూపం అంత భయంకరంగా ఉంటే ఎవరికి అనుమానం రాదు! తర్వాత నోటిని నమూనా కట్టి పరీక్షించిన వాళ్లు, ఈ నోరు పూర్తిగా మూసుకోదు, దీనితో గట్టి గుల్ల పగలదు అన్నారు. 2023లో కొమ్ముల మీద లెక్కలు వేశారు. కొమ్ములతో పట్టే సాలీళ్ల చుట్టాలను చూసి, ఆ కొమ్ములు ఎంత వంగుతాయో, ఎక్కడ ఒత్తిడికి విరుగుతాయో, ఈదేటప్పుడు నీటి తాకిడి ఎంతో కట్టి చూస్తే తేలినది ఇది: గట్టి ట్రైలోబైట్‌ను పట్టి నొక్కితే దాని కొమ్మే దెబ్బతినేది. కొమ్ములు ముందుకు చాచి వేగంగా ఈదుతూ, నీళ్లలో తేలే మెత్తటి జీవులను పట్టి ఉంటుంది. గాట్లు పెట్టిన నేరస్థుడు వేరే ఉన్నాడు. నన్నడిగితే ఇందాకటి రెడ్లీకియా లాంటి కాళ్ల వాళ్లనే ముందు విచారించాలి.

దీని కుటుంబంలోనే ఇంకా సాధువులున్నారు. గ్రీన్‌లాండ్‌లో దొరికిన టామిసియోకారిస్ కొమ్ముల మీద ముళ్లకు మళ్లీ సన్నని ముళ్లున్నాయి. ఆ సందులు కొలిచి, అర మిల్లీమీటరు పాటి నలుసులను కూడా వడకట్టగలదని 2014లో చెప్పారు. మరుసటి ఏడు మొరాకో నుంచి ఏజిరోకాసిస్ వచ్చింది. రెండు మీటర్ల పొడవు, ఆ కాలపు సముద్రంలో అంత పెద్దది అరుదు. అది కూడా నీటిని వడకట్టుకుని బతికేదే. ఇప్పుడు తిమింగలాల్లో పెద్దవి అలాగే కదా బతికేది. ఇంకొకటి, కాంబ్రొరాస్టర్, కొమ్ములతో బురదను దువ్వి తిండి ఏరుకునేది. ఒకే కొమ్ము, మూడు రకాల వాడకం.

సముద్ర తేళ్ల గురించి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను, టైం అయిపోయిందని సైగ చేస్తున్నారు. యూరిప్టెరిడ్లు అంటారు, ఇవి నిజం తేళ్లకు దగ్గరి చుట్టాలు. జర్మనీలో విల్వెరత్ అనే చోట దొరికిన ఒక్క పంజా 46 సెంటీమీటర్లు. దాన్ని బట్టి జెకెలాప్టెరస్ అనే ఆ జీవి రెండున్నర మీటర్లు ఉండేదని 2007లో అంచనా కట్టారు. ఆర్థ్రోపోడ్లలో అతి పెద్దవాటిలో ఇదొకటి. దాని కన్ను చురుకు, కాబట్టి వేటాడేదనే నమ్ముతున్నారు. అదే కుటుంబంలో అంతే భయంకరంగా ఉండే అక్యుటిరామస్ మాత్రం మసకచూపుది, పంజా కూడా గట్టి గుల్ల మీద బలం చూపేంత దిట్టం కాదని తేలింది. మసక వెలుతురులో మెత్తటివి పట్టుకుని తిని ఉంటుంది. పంజా చూసి హోదా ఇచ్చేస్తే ఇలాగే ఉంటుంది.

ఇద్దరు ముగ్గురు చేతులెత్తారు. అడగండమ్మా.

(ఒక విద్యార్థిని: సార్, మరి అన్ని రకాల తిండి తింటుంటే అవి ఎందుకు అంతరించాయి?)

తిండి వల్ల కాదమ్మా. ట్రైలోబైట్లు పెర్మియన్ చివరికి వచ్చేసరికే చాలా తగ్గిపోయి ఒకటి రెండు చిన్న కుటుంబాలే మిగిలాయి. అప్పుడు సైబీరియాలో లావా పొంగి, వాతావరణం వేడెక్కి, సముద్రంలో ఆక్సిజన్ తగ్గి, నీళ్లు పుల్లబడ్డాయి. సున్నపు గుల్ల కట్టుకునే జీవులకు అది గడ్డుకాలం. అది వేరే ప్రసంగం.

(ఇంకో విద్యార్థి: ఇంటర్నెట్‌లో తల మీద త్రిశూలం ఉన్న ట్రైలోబైట్ చూశాను సార్. దాంతో పొడిచి తినేదా?)

వాలిసెరాప్స్ గురించి అడుగుతున్నావు. మొరాకోది, తల ముందు మూడు కొనల శూలం పెరుగుతుంది. పొడవడానికనీ, పసిగట్టడానికనీ, బురద తవ్వడానికనీ చాలామంది చాలా రకాలుగా అన్నారు. 2023 మొదట్లో గిష్లిక్, ఫోర్టీ అనే ఇద్దరు ఒక వింత నమూనాను ముందు పెట్టారు. దానికి మూడు బదులు నాలుగు కొనలున్నాయి, పుట్టుకలో వచ్చిన లోపం. అలాంటి లోపంతోనే అది పూర్తిగా ఎదిగింది. తినడానికి అదే పనిముట్టయితే, పాడైన పనిముట్టుతో అంత దాకా బతకడం కష్టం కదా. ఖడ్గమృగం పురుగులు (రైనోసరస్ బీటిల్స్) అనే కొమ్ము పురుగుల మగవి ఆడవాటి కోసం ఒకదానినొకటి కొమ్ములతో కుమ్ముకుంటాయి. ఆ పురుగుల కొమ్ములతో ఈ శూలం ఆకారాన్ని కొలిచి పోల్చి, ఇదీ మగవాటి కుస్తీకే అన్నారు. అది నిజమైతే శూలం లేని ఆడవి ఎలా ఉంటాయి అనేది తర్వాతి ప్రశ్న. ఇప్పటికే వేరే పేరు పెట్టి పక్కన పెట్టేసిన ఏదో శూలం లేని ట్రైలోబైట్ దాని ఆడదే అయి ఉండే అవకాశం ఉందని వాళ్లు అంటున్నారు.